గొంగడి ముసుగులో కొండపికిలి

సెలవులకు కొండలకు వెళ్ళొచ్చామని చెబితే మా ఆఫీసులో అందరూ ఊటీ చలి గురించి అడిగారు. రాయచూరు జిల్లా అన్నాక ఒకాయన జాలిగా చూసి, "అక్కడ కొండలెక్కడివండీ, ఉండేది ఎండలు కదా" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను. పెళ్ళయిన పాతికేళ్ళూ నేనూ అదే అనుకున్నాను. మాది తెనాలి దగ్గర పల్లె. కాలువ గట్టుకంటే ఎత్తయినదేదీ మా ఊళ్ళో లేదు. మా ఆవిడ సరళది రాయచూరు. అక్కడివి కొండలంటే కొండలు కావు, గుట్టలంటే ఒప్పుకోవు. ఎవరో పెద్ద పెద్ద బండల్ని తెచ్చి ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, మధ్యలో పని ఆపి అన్నానికి వెళ్ళిపోయినట్టుంటాయి. ఆ బండల సందుల్లో నీడ ఉంటుంది, నీడలో పొదలుంటాయి, పొదల్లో పిట్టలుంటాయి.

మేం వెళ్ళింది ఒకే ఒక్క పిట్ట కోసం. దాని పేరు కొండపికిలి. మామూలు పికిలిపిట్ట మన పెరట్లో తిరిగేదే, తోక కింద ఎర్రగా ఉంటుంది. కొండపికిలిది బూడిదరంగు ఒళ్ళు, పసుపు గొంతు, తోక కింద కూడా పసుపే. దక్షిణాదిలో ఇలాంటి రాళ్ళగుట్టలను వదిలి ఎక్కడికీ పోదట. దాన్ని సరళ తన చేత్తో ఫోటో తీయాలి. నేను తీసిస్తే చెల్లదు.

కారణం చెబుతాను. సరళ చూపు అంచుల వైపు నుంచి తగ్గిపోతోంది. నడిమధ్యన గుండ్రంగా కొంత మేర చక్కగా కనిపిస్తుంది, దాని పక్కన ఏమీ ఉండదు. ఆ గుండ్రం ఇంకా చిన్నదవుతుందనీ, ఎప్పటికెంత అన్నది తాను చెప్పలేననీ డాక్టరుగారన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి వంటింటి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత నాతో, "మనిషి దగ్గరికొస్తే సగమే కనపడ్తడు. ఆ తీగ మీద పిట్ట మాత్రం తోకతో సహా మొత్తం కనపడ్తున్నది" అంది. పిట్టల పిచ్చి అప్పుడే మొదలైంది. కెమెరా కొన్నాం. కన్ను ఆనించి చూసే ఆ చిన్న కిటికీలో ఎవరికైనా అంతే కనపడుతుంది కాబట్టి అక్కడ ఆమెకు ఏ లోటూ లేదు.

ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ముఖ్యంగా పుట్టింట్లో చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. తెలిస్తే కొండ సంగతి దేవుడెరుగు, గడప కూడా దాటనివ్వరని ఆమె భయం.

చిక్కసూగూరు

సరళ అన్న నర్సింలుకు రాయచూరు బజారులో బట్టల కొట్టుంది. ఇల్లు మాత్రం ఊరవతల చిక్కసూగూరులో కట్టుకున్నాడు. మేం వెళ్ళేసరికి సరళ వదిన మాణెమ్మ ఒక పళ్ళెం నిండా తాలింపు పెట్టిన బొరుగులు, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టింది. వీటిని అక్కడ ఒగ్గరణె అంటారు. మా వైపు బొరుగులంటే సాయంత్రం పిల్లలకు పొట్లం కట్టిచ్చేవి. ఇక్కడ అల్లుడికి పొద్దుటి ఫలహారం. మొదట్లో చిన్నబుచ్చుకునేవాడిని. ఇప్పుడు రెండోసారి అడిగి వేయించుకుంటాను.

వదిన టీ గ్లాసు తెచ్చి సరళ కుడిపక్కన స్టూలు మీద పెట్టింది. సరళ ఏదో చెబుతూ మోచెయ్యి తిప్పింది. గ్లాసు కింద పడి గది మధ్య దాకా టీ పారింది.

"ఏంది సరళా, గిట్ల పారబోస్తవ్? కండ్లు యాడ పెట్టినవ్?" అంది వదిన. గుడ్డ తెచ్చి తుడుస్తూ ఆగలేదు. "మొన్న పెండ్లిల గూడ గంతే. పక్కనే నిలబడి పిలుస్తున్న, చూసి చూడనట్టు పోయినవ్. హైదరాబాద్ల ఉన్నోళ్ళకు మేం యాడ ఆన్తం లే."

సరళ నవ్వి ఊరుకుంది. నేను నోరు తెరిచాను. స్టూలు కనపడని మనిషికి నా పాదం ఎలా కనపడిందో తెలియదు గానీ, మడమతో గట్టిగా తొక్కింది. నోరు మూసుకుని ఇంకో బజ్జీ తీసుకున్నాను.

"కొండకెందుకు బావా, ఆడ తొండలు తప్ప ఏమున్నయ్?" అని నర్సింలు అడిగాడు. పిట్టల కోసమంటే, ఇంత వయసొచ్చాక మాకేమైందోనని భార్యాభర్తలిద్దరూ మొహామొహాలు చూసుకున్నారు.

అరకేర దారి

అరకేరలో నర్సింలుకు తెలిసినవాళ్ళ ఇల్లొకటి ఖాళీగా ఉంది. మా మకాం అక్కడ. దారి పొడవునా పత్తి చేలు, కాలువ నీళ్ళు అందినచోట వరి, అందనిచోట జొన్న. కరెంటు తీగల మీద పాలపిట్టలు, వాటి మధ్య తోక చీలిన నల్లటి పసులపోలిగాళ్ళు. ఎక్కడ పిట్ట కనిపిస్తే అక్కడ కారాపమంటుంది సరళ. మాకో సంకేత భాష ఉంది. పిట్ట ఎడమ పక్కనుంటే ఆమె ఎడమ భుజం తాకాలి, కుడి పక్కనుంటే కుడి భుజం, పైనుంటే మెడ వెనక. వినడానికి తేలికే. ఆమెకు ఎదురుగా నిలబడ్డప్పుడు మాత్రం నా కుడి ఆమె ఎడమని మరిచిపోతాను. ఆ విధంగా ఒక పాలపిట్టకు బదులు మైలురాయి ఫోటో వచ్చింది.

టీ కోసం ఆగిన హోటలు ఆయన ఒకే వాక్యంలో మూడు భాషల్లో మర్యాద చేశాడు. "బర్రి సార్, బైఠియే, చాయ్ తాగుతరా?" అన్నాడు. మెడలో కెమెరా చూసి, "పంట సర్వేనా?" అని గొంతు తగ్గించి అడిగాడు. పిట్టల కోసమని సరళ చెప్పింది. ఆయన నమ్మలేదు. వెళ్ళేటప్పుడు తన తమ్ముడి పత్తికి పురుగు పట్టిన సంగతి మా చెవిన వేశాడు. హైదరాబాదులో ఒక్క టీకి ఇచ్చే డబ్బులకు అక్కడ ఇద్దరం తాగి, చెరో బన్ను కూడా తిన్నాం.

గుట్ట మీద

పొద్దున్నే గుట్టెక్కితే బండలు ఇంకా చల్లగా ఉంటాయి. ఎండ ఒక్కో బండ మీదికీ తొందర లేకుండా వస్తుంది. ఎండ తగిలిన బండ ముందు గులాబీరంగుకు తిరిగి, తర్వాత తేనెరంగవుతుంది. సరళ ఒక చదునైన రాయి చూసుకుని కూర్చునేది. నేను ఆమె వెనక. గాలి ఆగినప్పుడు కింద చేలల్లోంచి ఎద్దుల మెడగంటలు వినిపించేవి, మళ్ళీ గాలి వస్తే అవి ఎటో పోయేవి. ఇద్దరం గంటల తరబడి మాట్లాడుకోకుండా ఉండగలమని నాకు అక్కడే తెలిసింది. ఇంట్లో ఉప్పు గురించైనా ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటాం.

నీలంరంగు కొండపిట్ట ఒకటి మా ఎదుటి బండ కొసన వచ్చి వాలి, మమ్మల్ని చూసి రెండుసార్లు తలవంచి వెళ్ళింది. కౌజుపిట్టలు వరసగా పొద దాటాయి. ఇవన్నీ సరళ తీసింది. కొండపికిలి మాత్రం గొంతు వినిపించి ఊరించేది. మామూలు పికిలి కంటే గలగలమంటుంది, మాట మధ్యలో ఆపేసి మళ్ళీ ఎత్తుకుంటుంది. నేను రెండుసార్లు చూశాను కూడా. రావిమొక్క మొలిచిన బండ చీలికలో పసుపు గొంతు మెరిసింది. ఆమె కుడి భుజం తాకాను. ఆమె తిరిగి, ఆ గుండ్రాన్ని బండ మీద వెతుకుతూ వెతుకుతూ చీలిక దాకా తెచ్చేలోపు కింద చేలోంచి పెద్ద కేక వచ్చింది. పిట్ట లేచిపోయింది. నేను చూసింది ఆమె చూడలేదు. ఆ రెండుసార్లూ నా కళ్ళు నాకే దండగనిపించాయి.

ఆమె కెమెరా నిండా ఖాళీ బండల ఫోటోలే. సాయంత్రం వాటిని ఒక్కొక్కటే చూస్తూ, "పిట్ట కూసుండి పోయినంక ఆ జాగ జరంత సేపు వెచ్చగుంటదేమో" అంది. తీసేద్దామంటే ఒప్పుకోలేదు.

ఆ కేకలు జొన్నచేనుకు కాపలా ఉన్నవాళ్ళవి. గుట్ట కిందే చేను. పాలు పోసుకుంటున్న తెల్లజొన్న మీదికి గులాబీ గోరింకలు మందలుగా దిగుతున్నాయి. మంచె మీద నిలబడ్డ మనిషి వడిసెల తిప్పి రాయి విసిరి కేకేస్తే, మంద మొత్తం ఒక్కసారిగా లేచి, ఆకాశంలో దుప్పటి దులిపినట్టు తిరిగి, చేను అవతలి కొసన దిగుతుంది. అక్కడినుంచి మరో కేక. ప్రతి కేకకూ మా కొండపికిలి గుట్ట అవతలికి పోతుంది.

రెండో రోజు మధ్యాహ్నం నేను కిందికి దిగాను. పంట కాపాడుకునేవాళ్ళను అరవొద్దని ఎలా అడగాలో దారంతా ఆలోచించాను, ఏమీ తట్టలేదు. చేను గట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని రాళ్ళు ఏరి కుప్ప పోస్తోంది. పేరు ఈరమ్మ. మంచె మీదున్నది ఆమె కొడుకు బసన్న. వాళ్ళ ఇంటి భాష తెలుగే. మేం వచ్చిన పని విని ఈరమ్మ నవ్వింది.

"మేం తోలే పిట్టల కోసం మీరు ఇంత దూరం వచ్చిండ్రా? రేపు రాండ్రి. రేపు మేమెవ్వరం అరవం."

"రేపేంటమ్మా?"

"రేపు ఎళ్ళ అమాస గద. రేపు పిట్టను తోలినోనికి పాపం తగుల్తది. మా చేన్లనే తినాల మీరు. ఇంటామెను గూడ తోల్కరా."

ఈరమ్మ చేను

మార్గశిరం చివర వచ్చే అమావాస్యను అక్కడ ఎళ్ళ అమాస అంటారు. మా వైపు ఆ రోజుకేమీ ప్రత్యేకత లేదు. అక్కడ ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని చేలకు వెళుతుంది. చేను కడుపుతో ఉందనీ, ఆ తల్లికి కడుపునిండా పెట్టాలనీ వాళ్ళ లెక్క. జొన్నదంట్లతో చిన్న గుడిసెలా కట్టి, దాని కింద ఐదు రాళ్ళకు సున్నం పూసి పాండవులని కూర్చోబెడతారు. ముందు వాళ్ళకు నైవేద్యం. తర్వాత అన్ని వంటలూ కలిపి చేను చుట్టూ చల్లుతూ తిరగాలి. దాన్ని చరగ అంటారు. చల్లింది భూమికి, పిట్టకు, పురుగుకు. అది అయ్యాకే మనుషులకు.

మేం వెళ్ళేసరికి బసన్న వడిసెల మంచె గుంజకు వేలాడుతోంది. గోరింకలు కంకుల మీద ఊగుతూ తింటున్నాయి. పొద్దున్న లేచి తరమాల్సిన వాళ్ళే ఇవాళ చేతులు కట్టుకుని చూస్తున్నారు. చేనంతా కలలోలా మెత్తగా ఉంది.

సరళ మాట విని ఈరమ్మ ఊరడిగింది. రాయచూరనగానే మొహం విప్పారింది. "మా సీమ ఆడబిడ్డవే. ఏటేటా మా బిడ్డ గంగి ఎత్తుకుంటుండె చరగ. మొన్ననే కాన్పయ్యింది, రానీకి లేదు. చరగ ఆడబిడ్డే ఎత్తుకోవాల. నువ్వే ఎత్తుకో తల్లీ."

నేను గట్టు వైపు చూశాను. జానెడు వెడల్పు. ఒక పక్క నిండుగా పారుతున్న పిల్లకాలువ, మరో పక్క తుమ్మకంప. "ఆవిడకు మోకాలు నొప్పండీ, నడవలేదు" అనేశాను.

 సరళ నేను ఎన్నడూ వినని గొంతుతో చెప్పింది.

"మోకాలు కాదమ్మా. నాకు పక్కలకు కనపడదు. కాలి కింద గూడ కనపడదు. నడుమ జరంత కనపడ్తది. అది గూడ తగ్గుతున్నది."

డాక్టరు దగ్గరా నా దగ్గరా తప్ప ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు. జాలిమాటలు వస్తాయని నేను బిగుసుకుని నిలబడ్డాను. ఈరమ్మ బండిలోంచి నల్లగొంగడి తీసి దులుపుతోంది.

"అయితే ఏమాయె? ఇది కప్పినంక మా గంగికి మాత్రం ఏం కనపడ్తది?"

చరగ ఎత్తుకునే మనిషి తల మీదనుంచి గొంగడిని ముసుగులా కప్పుకోవాలట. రెండు చెంపలూ మూసుకుపోతాయి, ఎదర కొంచెం సందు మాత్రం ఉంటుంది. చేనుకు పెట్టే మనిషి అటూ ఇటూ చూడకూడదు. వెనక నీళ్ళ చెంబుతో వచ్చే మనిషి చేతిలో జొన్నదంటు ఉంటుంది. ఎటు తిరగాలో ఆ దంటుతో ముందున్న మనిషి భుజం మీద తట్టి చెప్పాలి. ఎడమకైతే ఎడమ భుజం, కుడికైతే కుడి భుజం. వాళ్ళ వాళ్ళ పుట్టింటి చేలల్లో ఈరమ్మ అత్తగారూ అలాగే నడిచిందట, ఈరమ్మా అలాగే నడిచిందట.

సరళ నా వైపు తిరిగింది. నన్ను తన గుండ్రంలోకి తెచ్చుకుని చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

"ఎనక బసన్న వస్తుండె. ఈసారి అల్లుడే రావాల" అని ఈరమ్మ చెంబూ దంటూ నా చేతికిచ్చింది. "ఒక్కటి యాదిల పెట్టుకోండ్రి. చుట్టు తిరిగేదాంక ఎనక్కి చూడొద్దు. పెట్టినంక ఎవరు తింటున్నరో చూడొద్దు."

సరళ మెడలోని కెమెరా తీసి బసన్నకిచ్చి, ఏ మీట నొక్కాలో చూపించింది.

చరగ

గంప చంకన పెట్టుకుని ఆమె ముందు నడిచింది. సజ్జరొట్టె తునకలు, ఆవిరి మీద ఉడికించిన జొన్న కడుబులు, పుండికూర, నువ్వుల పొడి కలిపిన ముద్దలు కుడిచేత్తో తీసి చల్లుతూ, "హులిగ్యో" అని పిలిచింది. ఆ మాటకు అర్థం అక్కడ ఎవరికీ తెలియదు, పిలవడం మాత్రం అందరికీ వచ్చు. నేను వెనక నీళ్ళు చిలకరిస్తూ, గట్టు మలుపు తిరిగినచోటల్లా దంటుతో తడుతూ వెళ్ళాను. ఎదురుగా లేను కాబట్టి నా కుడీ ఆమె కుడీ ఒకటే అయ్యాయి. ఒక్కచోట కూడా పొరబడలేదు. ఆమె కాలు తడబడలేదు. ఎంత కాలమైందో ఆమె అలా తల ఎత్తి, తొట్రుపాటు లేకుండా నడవగా చూసి. కాలువ నీళ్ళలో మా నీడలు మాతోనే నడిచాయి. మా వెనక రెక్కల చప్పుడు, ముక్కుల చప్పుడు.

గుట్ట వైపు గట్టుకు తిరిగాం. అప్పుడు వినిపించింది. గలగలా మొదలై, మధ్యలో ఆగి, మళ్ళీ ఎత్తుకున్న గొంతు. గుట్ట మీదినుంచి కాదు. మా వెనక, పది బారల దూరం కూడా ఉండదు, అప్పుడే మేం చల్లిన చోట.

సరళ ఆగింది. దంటు కింద ఆమె భుజం కొంచెం కదిలింది. నా మెడ నరాలు వాటంతటవే వెనక్కి లాగాయి. ఇన్ని రోజులు, ఇంత దూరం, ఒక్కసారి తల తిప్పితే చాలు. తిప్పు అని చెబుదామనుకున్నాను. ఆమె గంపలోంచి ఇంకో ముద్ద తీసి, గొంతు తగ్గించి, పిల్లను నిద్రపుచ్చే మనిషిలా "హులిగ్యో" అని ముందుకు అడుగేసింది. నేనూ నడిచాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది దిగులు కాదు, సంతోషమే.

చుట్టు పూర్తయ్యాక వెనక్కి తిరిగాం. గట్టు మీద గోరింకలున్నాయి, ఒక ఉడుత ఉంది. కొండపికిలి లేదు. ఈరమ్మ విస్తళ్ళు వేసి పిలిచింది. పుండికూరంటే మా గోంగూరే. మా వైపు పచ్చడిలో ఎర్రగా మండుతుంది, ఇక్కడ పప్పునూకతో కలిసి నెమ్మదిగా ఉంది. సరళ ముసుగు తీయకుండానే తింది.

మళ్ళీ చిక్కసూగూరు

బసన్న తీసిన ఫోటోల్లో ఆకాశానివి కొన్ని, వాళ్ళమ్మ కాళ్ళవి కొన్ని. ఒక్కటి మాత్రం బాగా కుదిరింది. గట్టు మీద గొంగడి ముసుగులో సరళ, వెనక నేను, ఆమె భుజం మీద నా దంటు. మా ఇద్దరి వెనక ఒక జొన్నకంకి దగ్గర పసుపు మరక. పండుటాకని నేను. పికిలి గొంతని సరళ. ఇంకా తేలలేదు.

తీర్పు చెప్పమని ఆ ఫోటో నర్సింలుకు చూపించింది. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసి, తనకు ఆకూ పిట్టా రెండూ కనపడుతున్నాయన్నాడు. టీ తెస్తున్న వదిన తొంగి చూసింది.

"ఇదేంది, గొంగడేసుకున్నవ్? అన్న నీ భుజం మీద దంటు పెట్టిండేంది, ఎద్దును తోలినట్టు?"

అందరం నవ్వాం. సరళ కూడా నవ్వింది. నవ్వు ఆగాక, ఈరమ్మకు చెప్పినట్టే చెప్పింది. పక్కలకు కనపడదని, కాలి కింద కనపడదని, అది కూడా తగ్గుతోందని. ఈసారి నా పాదం ఎవరూ తొక్కలేదు.

నర్సింలు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వదిన టీ గ్లాసును కుడిపక్క స్టూలు మీద పెట్టబోయి ఆగింది. చుట్టు తిరిగి ముందుకొచ్చి, గ్లాసు సరళ చేతిలో పెట్టి, వేళ్ళు పట్టుకున్నాయో లేదో చూసి వదిలింది.

"పెండ్లిల నేను యే పక్క నిలబడ్డ?" అని అడిగింది.

"ఎడమ పక్కనేమో వదినా. నాకు కనపడలె."

 వదిన కుర్చీ లాక్కుని సరిగ్గా సరళ ఎదురుగా, మోకాళ్ళు తగిలేలా కూర్చుంది.

"గిప్పుడు కనపడ్తున్ననా?"

"మొత్తం కనపడ్తలేవు. మొకమే ఉన్నది."

వదిన కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కుర్చీని వెనక్కి జరిపింది. "గిప్పుడు?"

"ఇంక జర ఎనక్కి పో."

కుర్చీ కాళ్ళు బండల మీద కీచుమంటూ వెనక్కి వెనక్కి వెళ్ళాయి. వదిన వీపు గోడకు తగిలింది. కొంగు సర్దుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఫోటో తీయించుకునే మనిషిలా కదలకుండా కూర్చుంది.

సరళ టీ గ్లాసు మీదుగా ఆమెను చూసింది.

"ఆఁ, ఇప్పుడు మొత్తం ఉన్నవ్ వదినా" అంది.